ఆకాశమునుండి పాఠములు

2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధి కారణముగా మన బడులన్నియు మూతపడెను. ఆగస్టు కడపట ఒక వార్త తెలిసినది. సెప్టెంబరు 1వ తేదీనుండి పాఠములు టీ-శాట్ ద్వారాను, దూరదర్శన్ యాదగిరి ద్వారాను ప్రసారమగునట. విద్యార్థులు ఇంటికడనే కూర్చుండి వానిని చూడవలెనట. ఆ వార్త విని సంతోషించినవారు పెక్కురు. దిగులుపడినవారును లేకపోలేదు. అట్టివారిలో ఒకడు నా పూర్వశిష్యుడు. నాచారము పారిశ్రామికవాడలో ఒక గిడ్డంగికి కాపలాదారుగా ఉండెను. అతని కుమార్తె మీవలెనే ఎనిమిదవ తరగతి విద్యార్థిని. ఇంటిలో పాత టెలివిజను ఒకటి కలదు గాని, పనులు నిలిచిపోయిన ఆ నెలలలో కేబులు రుసుము కట్టలేక కనెక్షను తీసివేయించిరి. ఉన్న స్మార్ట్‌ఫోను ఒక్కటే. అది కాపలా పనిలో తండ్రి వెంట ఉండవలెను.

అతడు ఉప్పల్‌లోని మా యింటికి వచ్చి గుమ్మము కడనే నిలుచుండి, "సారూ, పిల్ల సదువు ఆగిపోతదేమో. ఏదన్న తోవ చెప్పుండ్రి" అని యడిగెను. నెలసరి రుసుము లేని తోవ ఒకటి నాకు తెలియును. ఆకాశమునుండి ఉచితముగా దిగివచ్చు దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ప్రసారమే అది. 2004 డిసెంబరులో ఈ సేవ 33 ఛానళ్లతో మొదలైనది. ఒక చిన్న డిష్, ఒక రిసీవరు పెట్టె ఉన్నచో చాలును. కొత్తది కొనుటకు డబ్బు చాలనందున పాతదానిని వెదకితిమి.

ఈ ప్రసారము మన మిద్దెమీదికి ఎట్లు వచ్చునో మొదట తెలిసికొనవలెను. భూమధ్యరేఖకు పైన ఇంచుమించు 35,800 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహము, భూమి తన చుట్టు తాను ఒకసారి తిరుగు కాలములోనే తానును ఒక ప్రదక్షిణము ముగించును. కావున క్రిందినుండి చూచువారికి అది కదలక ఒకే చోట నిలిచినట్లుండును. ఫ్రీ డిష్ ప్రసారములను పంపు జీశాట్-15 అట్టిదే. అది 2015 నవంబరులో ప్రయోగింపబడి, తూర్పు రేఖాంశము 93.5 డిగ్రీలకు ఎదురుగా నిలుచున్నది. మన హైదరాబాదు 78.5 డిగ్రీల కడ నున్నది. కనుక అది మనకు ఆగ్నేయ దిక్కున, దిగంతమునుండి దాదాపు 63 డిగ్రీల ఎత్తున ఉండును. అది కంటికి కనబడదు. కాని గురి తప్పక చూపవలసినది దానికే.

ఇచ్చట ఒక మాట చెప్పకుండ ముందుకు పోలేను. ఉపగ్రహము ద్వారా పల్లె పిల్లలకు పాఠములు చెప్పుట మన దేశమునకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సాయముతో ఆరు రాష్ట్రములలోని దాదాపు 2,400 గ్రామములకు విద్యాప్రసారములు జరిగినవి. నాటి ఆంధ్రప్రదేశ్ ఆ యారింటిలో ఒకటి. ఉదయమున బడిపిల్లలకు, సాయంకాలమున పెద్దలకు కార్యక్రమములుండెడివి. పల్లెలలో నిలిపిన డిష్‌లు మూడు మీటర్ల వెడల్పు గలవి. కోళ్లగూటికి వాడునట్టి తీగెవలతో అల్లినవి. ఆ గ్రామములకు పోయిన సెట్లు తయారైనది ఎచ్చటనో కాదు, నాచారమునకు కొద్ది కిలోమీటర్ల దూరముననున్న ఈ.సి.ఐ.ఎల్. కర్మాగారముననే. నా శిష్యుని కుమార్తె మిద్దెనెక్కి చూచినచో ఆ దిక్కు ఆమెకు కనబడును. నాడు మూడు మీటర్లు కావలసిన డిష్ నేడు అరవై సెంటీమీటర్లకు తగ్గినది.

నాచారములోని ఒక మరమ్మతు దుకాణములో నాలుగు వందల రూపాయలకు పెట్టె దొరకినది. పాత పెట్టెను కొనువారు ముందుగా విచారింపవలసినవి రెండు. నెలసరి రుసుము వసూలుచేయు కంపెనీవారి పెట్టె మనకు పనికిరాదు. అది ఆ కంపెనీ తాళము వేసి పంపు ప్రసారములకై చేసినది. రెండవది, బొమ్మను కుదించి పంపు పద్ధతి. పాత పెట్టెలు ఎంపెగ్-2 అను పద్ధతిని మాత్రమే ఎరుగును. తరువాత వచ్చిన ఎంపెగ్-4 ఛానళ్లు వానిలో కనబడవు. పాతలిపి మాత్రమే నేర్చినవానికి కొత్తలిపిలో వ్రాసిన ఉత్తరమిచ్చినట్లుండును. మేము కొన్న పెట్టె రెండును ఎరిగినదే.

ఇక డిష్‌ను నిలుపుట. పొరుగు మిద్దెమీది డిష్ ఎటు తిరిగియున్నదో చూచి నేనును అటే త్రిప్పితిని. టెలివిజను తెరమీద రెండు గీతలు కనబడును: ఒకటి సంకేతబలము, మరియొకటి నాణ్యము. బలము ఎనుబది చూపెను. నేను సంతోషించితిని. నాణ్యము మాత్రము సున్న. గంటసేపు ఎండలో నిలిచిన పిమ్మట నా పొరపాటు తెలిసినది. పొరుగువారిది వేరొక కంపెనీ డిష్. అది వేరొక ఉపగ్రహమును చూచుచున్నది. బలమందురా, డిష్ ముందు అమర్చిన ఎల్.ఎన్.బి. అను పరికరమునకు విద్యుత్తు అందినంతనే, ఏ ఉపగ్రహమును దొరకకున్నను ఆ గీత లేచును. నమ్మవలసినది నాణ్యపు గీతను.

పిదప దిక్సూచి తెచ్చి, ఉత్తరమునుండి కుడివైపుగా 138 డిగ్రీల కడ గుర్తు పెట్టితిమి. ఎత్తు విషయమున ఇంకొక చిక్కు కలదు. ఈ చిన్న డిష్‌లకు ఎల్.ఎన్.బి. నడుమ గాక క్రిందుగా ఉండును. అందుచేత ఉపగ్రహము 63 డిగ్రీల ఎత్తున ఉన్నను, డిష్ నలువది డిగ్రీల ఎత్తునకు మాత్రమే చూచుచున్నట్లు కనబడును. ఇది తెలియక పలువురు డిష్‌ను వెల్లకిల వేయుదురు. ఒక్క డిగ్రీ కదల్చుట యనగా డిష్ అంచు అర సెంటీమీటరు కదలుట మాత్రమే. రెండు డిగ్రీలు తప్పినచో బొమ్మ పోయినట్లే. కావున మరలను కొంచెము వదులుచేసి, వేలితో నెట్టి, మూడు క్షణములు ఆగి, గీతను చూడవలెను. బాలిక క్రింద తెరముందు కూర్చుండి అంకెలు చదివెను. నేను మీద నెట్టితిని. "తాతా, పది... ఇరువై... పోయింది!" అని ఆమె కేకలు వీధికంతయు వినబడెను. కడపట ఎల్.ఎన్.బి.ని దాని పట్టులోనే కొంచెము కొంచెము త్రిప్పగా నాణ్యము డెబ్బదికి చేరినది.

అయినను యాదగిరి రాలేదు. పెట్టె జ్ఞాపకములో పాత యజమాని నాటి ఛానళ్ల పట్టికయే యుండెను. ప్రసారకులు అప్పుడప్పుడు పౌనఃపున్యములను మార్చుచుందురు; పెట్టెకు ఆ సంగతి తెలియదు. పట్టికనంతయు తుడిచివేసి, ఎల్.ఎన్.బి. రకమునకు 9750, 10600 అను అంకెలు గల వరుసను ఎన్నుకొని, మరల వెదకించితిమి. ఛానళ్లు ఒకటొకటిగా పట్టికలో చేరినవి. వానిలో యాదగిరి ఉండెను.

అంతటితో ఊరకుండినచో బాగుండెడిది. ఛానలు మార్చినపుడెల్ల పెట్టె కొంతసేపు స్తంభించుచుండెను. దానికి కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించినచో కుదురునని దుకాణదారు చెప్పి, దానిని ఒక పెన్‌డ్రైవులో ఇచ్చెను. పైకి ఒకేతీరున కనబడు రెండు పెట్టెలలో లోపలి చిప్పులు వేరుగా ఉండవచ్చును గనుక, పెట్టె అడుగున వ్రాసిన నమూనా సంఖ్యను అతడు సరిచూచియే ఇచ్చెను. తప్పు నాదే. ఎక్కించునపుడు పెట్టె తన పాత జ్ఞాపకమును చెరిపి కొత్తది వ్రాసికొనును. ఆ రెండు మూడు నిమిషములు విద్యుత్తు పోరాదు. సగము వ్రాసికొన్న పెట్టెకు తాను ఎట్లు మేలుకొనవలెనో కూడ తెలియదు. నేను సాయంకాలము గాలివాన వచ్చు వేళ ఆ పనికి పూనుకొంటిని. సగములో కరెంటు పోయినది. మరల వచ్చునప్పటికి ఎఱ్ఱదీపము తప్ప మరేమియు వెలుగలేదు. అది ఆగస్టు 29. బాలిక ఒక్క మాటయు అనలేదు. అనినచో నాకు కొంత నయముగా నుండెడిది.

మరునాడు దుకాణదారు పెట్టెను కంప్యూటరుకు తీగెతో కలిపి, దాని మూలజ్ఞాపకమును మరల నింపి బ్రదికించెను. వెనుకనున్న తొమ్మిది సూదుల రంధ్రము అందులకే యున్నదని నాకు అప్పుడు తెలిసినది. మిగిలిన పనిని ఉప్పల్‌లో మా యింట, ఇన్వర్టరుకు తగిలించి ముగించి, ఆగస్టు 31 రాత్రి పెట్టెను నాచారమునకు చేర్చితిని. మరునాడు ఆ బాలిక మొదటి పాఠము చూచెను. పక్క గదులలోని పిల్లలు ముగ్గురు కూడ వచ్చి కూర్చుండిరట.

వానలు దట్టముగా కురిసిన వేళల బొమ్మ ముక్కలై పోవుచుండెను. ఈ తరంగములను వాన చినుకులు మ్రింగివేయును. వాన తగ్గువరకు ఆగుట తప్ప చేయగలది లేదు. అక్టోబరు మొదటి దినములలో మాత్రము, మబ్బు లేని ఒక పగలు, పదకొండు గంటలకు ఆమె నాకు ఫోను చేసెను. "తాతా, ఎండ మంచిగనే ఉంది. బొమ్మ పోయింది. డిష్ కదిలిందేమో, తిప్పాల్నా?" అని అడిగెను.

"త్రిప్పవద్దమ్మా! మిద్దెనెక్కి ఎల్.ఎన్.బి. మూతిమీద ఏమున్నదో చూచి చెప్పుము. సూర్యునివైపు మాత్రము కన్నెత్తకుము" అంటిని.

ఏటేట మార్చి నడుమ ఒకసారి, అక్టోబరు ఆరంభమున ఒకసారి, కొన్నిదినములపాటు ఆ వేళకు సూర్యుడు మన కంటికి సరిగా ఉపగ్రహము వెనుకకు వచ్చును. అతడును రేడియో తరంగములను వెదజల్లువాడే. ఆ హోరులో ఉపగ్రహపు సన్నని సంకేతము కొన్ని నిమిషములు మునిగిపోవును.

ఆమె తిరిగి వచ్చి, డిష్‌మీద పడిన ఎండ అంతయు మరలి ఎల్.ఎన్.బి. మూతిమీదనే గుండ్రముగా మెరయుచున్నదని చెప్పెను. మా గురి సరిగానే యున్నదన్నమాట. మేము మాటలాడుచుండగనే బొమ్మ తిరిగి వచ్చినది. ఆమె ఫోను పెట్టివేసెను.