వీడియో గేమ్ పరిశ్రమ: రాబడి పంపకంలో వరుసక్రమం

వీడియో గేమ్ రాబడిలో ఎవరి వాటా ఎంత అన్నదానితో పాటు, ఎవరి వాటా ముందు అన్నదీ కీలకమైన అంశం. కంప్యూటర్ గేములను ఆన్‌లైన్‌లో విక్రయించే స్టీమ్ వేదిక సాధారణంగా అమ్మకాలపై 30 శాతం ముందుగానే మినహాయించుకుంటుంది. 2018లో ఈ వాటాను ఒక గేము రాబడిలో కోటి డాలర్లు దాటిన భాగంపై 25 శాతానికి, 5 కోట్లు దాటిన భాగంపై 20 శాతానికి తగ్గించింది. అంటే రాయితీ భారీ విజయాలకే దక్కింది. చిన్న నిర్మాతలకు పాత రేటే మిగిలింది.

వేదిక వాటా పోగా మిగిలినది ప్రచురణ సంస్థకు చేరుతుంది. గేమ్ నిర్మాణానికి అది స్టూడియోకు ఇచ్చే సొమ్ము సాధారణంగా రాయల్టీపై అడ్వాన్సు. అనేక ఒప్పందాలలో ఆ అడ్వాన్సు స్టూడియో వాటా నుంచే తీరాలి. ఉదాహరణకు, అడ్వాన్సు కోటి రూపాయలు, స్టూడియో వాటా 25 శాతం అనుకుంటే, నికర రాబడి 4 కోట్లు దాటిన తరువాతనే స్టూడియోకు రాయల్టీ మొదలవుతుంది. ప్రచురణ సంస్థ పెట్టుబడి అంతకు చాలా ముందే తిరిగి వచ్చి ఉంటుంది.

వేతనంపై పనిచేసేవారికి ఈ వరుసలో చోటే అరుదు. 2016 అక్టోబరులో అమెరికాలో గాత్రనటులు అమ్మకాలను బట్టి అదనపు చెల్లింపు కోరుతూ సమ్మె చేశారు. దాదాపు 11 నెలల తరువాత కుదిరిన ఒప్పందంలో వారికి లభించినది, రికార్డింగ్ సెషన్ల సంఖ్యను బట్టి లెక్కించే బోనస్ మాత్రమే. శ్రమకు ప్రతిఫలం పెరిగింది. రాబడిలో వాటా మాత్రం దక్కలేదు.