ద్రాక్ష తీగను ఏడాదికి రెండుసార్లు ఎందుకు కత్తిరిస్తారు?

చలిదేశాల్లో శీతకాలం రాగానే ద్రాక్ష తీగ ఆకులు రాల్చి నిద్రపోతుంది. అక్కడ ఏడాదికి ఒక కత్తిరింపు చాలు. హైదరాబాద్ చుట్టుపక్కల తీగకు అంత చలి ఎక్కడిది? వదిలేస్తే ఏడాదంతా పెరుగుతూనే ఉంటుంది. పందిరి నిండా ఆకులే, గుత్తులు మాత్రం అరుదు!

అందుకే వేసవిలో, ఏప్రిల్ ప్రాంతంలో, పాత కొమ్మలను బాగా పొట్టిగా కోస్తారు. కొత్త కొమ్మలు వస్తాయి. అసలు విశేషం వాటి కణుపుల దగ్గరి మొగ్గల్లో జరుగుతుంది. రాబోయే పూగుత్తి కంటికి కనిపించనంత చిన్నగా అప్పుడే రూపుదిద్దుకుంటుంది. దానికి ఎండ కావాలి. ఆకులు కమ్మేస్తే ఆ మొగ్గ నుంచి గుత్తికి బదులు నులితీగ వస్తుంది.

అక్టోబరులో రెండో కత్తిరింపు. ఈసారి ముదిరిన కొమ్మపై కొన్ని మొగ్గలు వదిలి, చివర కోస్తారు. అవి చిగురించి పూస్తాయి. ఫిబ్రవరి, మార్చి నాటికి పళ్లు. కోసినచోట నీళ్లు కారితే కంగారు పడకండి, వేరు తోడిన నీరే అది.

పెరట్లో మందుల్లేకుండా పెంచేవారికి కత్తెరే పెద్ద మందు. గాలి ఆడితే ఆకుల తడి త్వరగా ఆరుతుంది, బూజు తెగులు తగ్గుతుంది. ఆ తెగులుకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం ఫ్రాన్సులో 1885లో వెలుగులోకి వచ్చింది. దారిన పోయేవాళ్లు పళ్లు దొంగిలించకుండా రైతులు చల్లిన నీలిపూతే దానికి దారి చూపిందట! సేంద్రియ సాగులోనూ దాన్ని వాడనిస్తారు, కానీ పరిమితంగానే. రాగి మట్టిలో పేరుకుపోతుంది మరి.