తెర మీద ‘నో సిగ్నల్’ - మేడెక్కే ముందు

రాష్ట్రం కాని రాష్ట్రంలో తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాల్లో టీవీ ఉత్త కాలక్షేపం కాదు. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుకునే పిల్లల చెవిని ఇంట్లోవాళ్ల మాటల తరువాత పడే తెలుగు చాలావరకు ఆ పెట్టెలోంచి వచ్చేదే. గడప దాటలేని పెద్దవాళ్లకు పొద్దుటి భక్తి కార్యక్రమం, రాత్రి వార్తలు అదే చూపించాలి. అలాంటి ఇంట్లో తెర మీద హఠాత్తుగా ‘నో సిగ్నల్’ అని పడితే అందరికీ కాలూచెయ్యీ ఆడదు. మెకానిక్కుకు కబురు పెట్టేలోగా మనమే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి.

బ్యాంకులో ట్రయల్ బ్యాలెన్స్ కుదరకపోతే లెడ్జర్లన్నీ ఒకేసారి తిరగెయ్యము. ముందు కూడికలు, తరువాత పోస్టింగులు, ఆ తరువాతే ఓచర్లు. ఇక్కడా అదే పద్ధతి. టీవీ, బాక్సు, వైరు, డిష్ - దగ్గరనుంచి దూరానికి ఈ వరుసలోనే వెళ్లాలి. చాలామంది నేరుగా మేడెక్కి డిష్‌ను అటూ ఇటూ తిప్పుతారు. సవ్యంగా ఉన్న డిష్‌ను కదిపితే ఒక లోపం కాస్తా రెండవుతుంది.

మొట్టమొదట తేల్చుకోవలసింది ఆ మాట అంటున్నది టీవీయా, బాక్సా అన్నది. బాక్సు రిమోట్‌లో మెనూ నొక్కండి. మెనూ తెర మీదికి రాకపోతే టీవీకి బాక్సు నుంచే ఏమీ అందడం లేదన్నమాట. బాక్సుకు కరెంటు ఉందా, టీవీ రిమోట్‌లో సోర్స్ సరైన హెచ్‌డీఎంఐకో ఏవీకో ఉందా, ఆ వైరు బిగుతుగా ఉందా చూడండి. ఆడుకుంటూ పిల్లలు సోర్స్ మార్చేసిన ఇళ్లు ఎన్నో. మెనూ వస్తే మాత్రం టీవీ తప్పు లేదు, బాక్సుకు పైనుంచి సిగ్నల్ రావడం లేదు. చందా అయిపోయినప్పుడు వచ్చే సందేశం వేరుగా ఉంటుంది, దాన్ని చదివి చూసుకోండి.

ఇక బాక్సు ప్లగ్గు తీసి, రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. అప్పటికీ రాకపోతే మెనూలో సిగ్నల్ చూపించే పేజీ తెరవండి. అక్కడ బలం, నాణ్యత అని రెండు గీతలుంటాయి. రెండూ సున్నాగా ఉంటే చాలావరకు దోషం వైరులోనో, పిన్నుల్లోనో, డిష్ ముందున్న ఎల్‌ఎన్‌బిలోనో ఉంటుంది. బలం ఉండి నాణ్యత లేకపోతే డిష్ గాలికి కదిలి ఉండాలి, లేదా దాని చూపుకు ఏదో అడ్డొచ్చి ఉండాలి.

జోరువాన కురుస్తుంటే ఏమీ చెయ్యకండి. ఈ ప్రసారాలు వచ్చే కేయూ బ్యాండ్ తరంగాలను వాన చినుకులు పీల్చుకుంటాయి. వాన తగ్గితే బొమ్మ అదే వస్తుంది. మార్చిలోనూ, సెప్టెంబరు-అక్టోబరు ప్రాంతంలోనూ కొన్ని రోజులపాటు పగటిపూట కొద్ది నిమిషాలు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. అప్పుడు పోయే సిగ్నల్ కూడా దానంతట అదే వస్తుంది.

కిందటి వర్షాకాలంలో మా పెద్దమ్మగారింట్లో ఇలాగే అయింది. చూడవచ్చిన కుర్రాడు “బాక్సు పోయిందండీ, మార్చాలి” అన్నాడు. “నిన్నటిదాకా బాగానే ఉంది కదా నాయనా, రాత్రికి రాత్రే ఎలా పోయింది?” అని ఆవిడ ప్రశ్న. ఆ బాక్సునే పక్కింట్లో, అదే కంపెనీ కనెక్షన్ వైరుకు తగిలించి చూస్తే శుభ్రంగా పనిచేసింది. మేడ మీద వైరు చివరి పిన్నులోకి నీళ్లు దిగి, లోపలి రాగితీగ చిలుము పట్టి ఉంది. చివర కత్తిరించి కొత్త పిన్ను వేస్తే సరిపోయింది. కొత్త బాక్సు ఖర్చు తప్పింది. పక్కింటి వైరుతో పరీక్షించనిదే బాక్సు మార్చడానికి ఒప్పుకోకండి.

పిన్నులు విప్పేముందు బాక్సు ప్లగ్గు తప్పకుండా తియ్యాలి. ఆ వైరులోనే ఎల్‌ఎన్‌బికి 13 లేక 18 వోల్టుల కరెంటు వెళుతుంది. మనిషికి ప్రమాదం లేకపోయినా, నడిమి తీగ పైజాలికి తగిలితే బాక్సు చెడిపోవచ్చు.

దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ 2004 డిసెంబరులో మొదలైంది. దీనికి నెల చందా లేదు. తెలుగులో సప్తగిరి, యాదగిరి ఇందులో వస్తాయి. ఇది వచ్చే జీశాట్-15 ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. బెంగుళూరు, చెన్నై, షోలాపూరు, యానాం - ఎక్కడినుంచి చూసినా డిష్ చూపు ఆగ్నేయం వైపే ఉండాలి. బరంపురంలో అయితే కాస్త దక్షిణానికి మొగ్గుతుంది. ఆ మూలన కొత్తగా అంతస్తు లేచిందా, కొబ్బరిమట్ట అడ్డొచ్చిందా అన్నది కిందినుంచే చూడవచ్చు. ప్రైవేటు కంపెనీల ఉపగ్రహాలు వేరుగా ఉండవచ్చు కనుక ఈ లెక్క వాటన్నిటికీ పనికిరాదు.

అన్నీ వస్తూ ఒకటి రెండు ఛానళ్లే పోతే డిష్ జోలికి అసలు వెళ్లవద్దు. బాక్సులో ఛానళ్లను మళ్లీ వెతికించండి. పాత ఎంపెగ్-2 బాక్సులు ఎంపెగ్-4 పద్ధతిలో వచ్చే ఛానళ్లను చూపించలేవు. అప్పుడు మాత్రం బాక్సు మార్చుకోక తప్పదు.

చివరిగా ఒక మాట. తడి మేడ మీదికి, పిట్టగోడ లేని డాబా మీదికి, ఉరుములు మెరుపులప్పుడు ఎవ్వరూ ఎక్కవద్దు. ఇంట్లో పెద్దవాళ్లు సీరియల్ పోతుందని తొందరపెడతారు, ఒక్క పూట ఆగమని నచ్చజెప్పండి. బాగా వస్తున్న రోజునే డిష్ కాడ మీద, బిగింపు దగ్గర రంగుతో గీత గీసి పెట్టుకోండి. రేపు గాలికి కదిలినా ఎంత కదిలిందో ఆ గీతే చెబుతుంది. కస్టమర్ నంబరు, మెకానిక్ ఫోను నంబరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి బాక్సు పక్కనే అంటించండి. మీరు ఆఫీసులో ఉన్న వేళ ఇంట్లో ఒంటరిగా ఉన్న అమ్మగారికి అది ఎంతో పనికొస్తుంది.