అమ్మే ఇంటికి ఎంత ఖర్చు పెట్టాలి?
శ్లాబు కన్నా కాగితం ముఖ్యం – వెల్ల కన్నా వాన నీరు ముఖ్యం

నర్సీపట్నం: ఇల్లు అమ్మాలని అనుకున్న మరునాడే ఆ ఇంట్లో ఒక తగవు మొదలవుతుంది. ఉన్నదున్నట్టు అమ్మేయాలని ఒకరంటారు. కాస్త బాగు చేయించి అమ్మితే మంచి ధర వస్తుందని మరొకరంటారు. కూతురి పెళ్ళి కోసమో, ఆసుపత్రి ఖర్చు కోసమో, పిల్లల దగ్గరకు విశాఖపట్నం వెళ్ళిపోవాలనో ఇల్లు బేరం పెట్టే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. జీవితకాలంలో ఒక్కసారి చేతికి వచ్చే సొమ్ము అది. అందులోంచి మేస్త్రీకి ఎంత పోవాలి, వడ్డీకి ఎంత పోవాలి, ఇంటికి ఎంత మిగలాలి అనేది ముందే తేల్చుకోకపోతే తరువాత విచారించి లాభం వుండదు.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. అమ్మి చూసినా ఆ కష్టం తెలుస్తుంది.

కొనేది ఇల్లా, స్థలమా?

మొదట తేల్చుకోవలసింది ఇదే. నర్సీపట్నం బజారు వీధుల్లోనూ, ప్రధాన రహదారి పక్కనా వున్న పాత పెంకుటిల్లు బేరానికి వస్తే, కొనే మనిషి చూపు ఇంటి మీద కన్నా స్థలం మీదే ఎక్కువగా వుంటుంది. ఎన్ని గజాలు, వీధి వైపు ఎన్ని అడుగులు, రోడ్డు వెడల్పు ఎంత అని అడుగుతాడు. రిజిస్ట్రేషన్ అయిన కొద్ది నెలలకే పెంకులు దింపి, గోడలు పడగొట్టి డాబాకు పునాది తీస్తాడు. అటువంటి ఇంటికి గచ్చు మార్చి, రంగులు వేయించడం అంటే పడగొట్టబోయే గోడకు సింగారం చేయడమే.

పెదబొడ్డేపల్లి, బలిఘట్టం వంటి చోట్ల, చుట్టుపక్కల పల్లెల్లో పరిస్థితి వేరుగా వుండవచ్చు. అక్కడ కాపురం వుండటానికే కొనేవారు వస్తారు. ఏజెన్సీలో ఉద్యోగం చేస్తూ కుటుంబాన్ని ఇక్కడ వుంచేవారూ వుంటారు. వీరు మరుగుదొడ్డి ఎలా వుంది, వంటింట్లో వెలుతురు వుందా, నుయ్యి లేక కుళాయి వుందా అని చూస్తారు. వీరి విషయంలో చిన్న మరమ్మతులకు విలువ వుంటుంది.

కనుక మేస్త్రీని పిలిచే ముందు ఇద్దరు ముగ్గురు మధ్యవర్తులను పిలవడం మంచిది. వారిని రెండు ధరలు అడగాలి. ఇల్లు ఉన్నదున్నట్టుగా ఎంత పలుకుతుంది? బాగు చేయించాక ఎంత పలుకుతుంది? ఈ రెండింటి మధ్య తేడా మరమ్మతు ఖర్చు, దాని మీద వడ్డీ కలిపిన మొత్తం కన్నా ఎక్కువగా వుంటేనే పని మొదలు పెట్టాలి. తక్కువైతే ఆ పని కొనేవాడికే వదిలేయాలి.

అప్పు తెచ్చిన శ్లాబు

లెక్క వేసి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. ఒక గృహస్థు పెంకులు తీయించి శ్లాబు వేయించడానికి నూటికి 2 రూపాయల వడ్డీకి 3 లక్షల రూపాయలు తెచ్చాడనుకుందాం. నెలకు వడ్డీ 6,000 రూపాయలు. ఇల్లు ఎనిమిది నెలలకు అమ్ముడుపోతే వడ్డీయే 48,000 అవుతుంది. అంటే ధర మరో 3,48,000 రూపాయలు పెరిగితేనే అతని చేతి సొమ్ము అతనికి వస్తుంది. ఆ పైన వచ్చిందే లాభం. మధ్యలో ఆషాఢం, మూఢం వచ్చి బేరం ఆగితే ఆ నెలల వడ్డీ కూడా అమ్మేవాడి నెత్తినే పడుతుంది.

శ్లాబు వేయడానికి మునిసిపాలిటీ లేక పంచాయతీ అనుమతి కావాలి. అనుమతి లేని కట్టడం మీద కొనేవాడికి బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. రిజిస్ట్రేషన్ ఖర్చూ వుంది. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదలాయింపు సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం. స్థలానికి ఒక విలువ, కట్టడానికి ఒక విలువ కడతారు. పెంకుటింటికి కట్టే విలువ కన్నా శ్లాబు ఇంటికి కట్టే విలువ ఎక్కువ. ఆ ఖర్చు కొనేవాడే భరిస్తాడు గనుక, దాన్ని బేరంలో తగ్గించి అడుగుతాడు.

పెద్ద మరమ్మతు ఖర్చు పూర్తిగా తిరిగి రాదన్నది మన ఊరికే పరిమితమైన అనుభవం కాదు. అమెరికాలో ఇంటి మరమ్మతుల ఖర్చునూ, అమ్మకంలో తిరిగి వచ్చే సొమ్మునూ పోల్చి ఏటా ఒక నివేదిక వెలువడుతుంది. వంటిల్లు మొత్తాన్ని కొత్తగా చేయించినవారికి ఖర్చులో సగం దాకానే తిరిగి వస్తున్నట్టు, వీధి తలుపు మార్చడం వంటి చిన్న పనులే గిట్టుబాటు అవుతున్నట్టు 2024 నివేదిక తెలిపింది.

ముందు నీటిని ఆపాలి

కాపురానికి కొనేవారు వస్తారని తేలితే ఏ పని ముందు చేయించాలి? కప్పు పనే. పగిలిన పెంకులు మార్చి, కొప్పు మీది పెంకులు కదలకుండా సున్నమో సిమెంటో పెట్టించాలి. చూరు నీరు గోడ మొదట్లో నిలవకుండా కాలువ తీయించాలి. 2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను నాటి గాలులు ఈ ప్రాంత ప్రజలకు గుర్తుండే వుంటాయి. కొనేవాడు కూడా లోపలికి రాగానే తల పైకెత్తి చూసేది వాసాలనూ, వాటి సందున కనిపించే ఆకాశాన్నే.

తరువాత చెదలు. దూలం గోడలోకి దిగిన చోట, ద్వారబంధం నేలను తాకే చోట చెద మొదలవుతుంది. కర్రతో తట్టి చూస్తే గుల్ల అయినదీ, గట్టిదీ శబ్దంలోనే తెలుస్తుంది. పాడైన వాసాలను మార్చడం వేరు, వాటి మీద రంగు పూయడం వేరు.

నెమ్ము ఎక్కిన పాత గోడలకు ప్లాస్టిక్ రంగులు వేయించడం తొందరపాటు. మట్టితోనో, సున్నంతోనో కట్టిన గోడ గాలి పీల్చుకుని ఆరుతుంది. దాని మీద సిమెంటు పూత, ప్లాస్టిక్ రంగు పడితే చెమ్మ లోపలే నిలిచిపోతుంది. మొదటి వానకే రంగు పొరలుగా వూడుతుంది. అటువంటి గోడకు నీరు ఆపిన తరువాత వేసిన సున్నమే మేలు. ఖర్చు తక్కువ, చూపుకు శుభ్రం.

ఇక మిగిలినవి చేతి పనులు. పెరట్లో చెత్త తీయించడం, మరుగుదొడ్డి శుభ్రం చేయించడం, ఊడిన గడియలు బిగించడం, వేలాడే కరెంటు తీగలు సరిచేయించడం. వీటికి అప్పు చేయనక్కరలేదు.

దాచిన లోపం తిరిగి తగులుతుంది

‘పైన పటారం, లోన లొటారం’ చేసి ఇల్లు అమ్మేయవచ్చునని కొందరు అనుకుంటారు. చట్టం అందుకు ఒప్పుకోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను ప్రకారం, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కనిపించని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడే చెప్పాలి. చెప్పకుండా దాచితే మోసంగానే పరిగణిస్తారు. ఇంటి లోపానికే కాక హక్కు లోపానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

కళ్ళకు కనిపించే పగులు కొనేవాడు చూసుకోవలసిందే. కాని చెద తిన్న దూలానికి రేకు కొట్టి రంగు వేస్తే అది కప్పిపుచ్చడమే. ‘ఈ దూలం పాడైంది, ధరలో ఇంత తగ్గిస్తాను’ అని చెప్పినవాడికి ఆ తగ్గింపుతో సరిపోతుంది. దాచినవాడు కోర్టు మెట్లు ఎక్కవలసి రావచ్చు.

వాస్తు మార్పులు వద్దు

అమ్మే ముందు వాస్తు కోసం ద్వారాలు మార్చడం మరో దండుగ. అమ్మేవారి సిద్ధాంతి చెప్పిన ద్వారం కొనేవారి సిద్ధాంతికి నచ్చకపోవచ్చు. కొనేవారు తమ పేరుకు, నక్షత్రానికి తగినట్టు తామే చూపించుకుంటారు. గోడ పగలగొట్టి ద్వారం పెట్టి, మళ్ళీ అదే ద్వారం మూసే ఖర్చు ఎవరికీ అక్కరకు రాదు.

అసలు మరమ్మతు కాగితాలకే

గోడ పగులు వల్ల ధర కొంత తగ్గుతుంది. కాగితంలో పగులుంటే బేరమే పోతుంది. ఖర్చు పెట్టదలచిన సొమ్ములో మొదటి రూపాయి ఇక్కడే పెట్టాలి.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ తీయించి తాకట్టులు ఏమీ లేవని చూసుకోవాలి. తీర్చేసిన అప్పు కూడా కాగితంలో నిలిచి వుంటే రద్దు దస్తావేజు రాయించాలి. పాత లింకు దస్తావేజులు సమకూర్చుకోవాలి. స్థలం నిషేధిత జాబితాలో వుందేమో విచారించాలి. ప్రభుత్వం పట్టాగా ఇచ్చిన స్థలాల అమ్మకానికి 1977 నాటి చట్టం, దాని సవరణలు వర్తిస్తాయి గనుక తహశీల్దారు కార్యాలయంలో కనుక్కోకుండా బయానా పుచ్చుకోరాదు. ఇంటి పన్ను, కరెంటు బిల్లు బకాయిలు కట్టి రసీదులు వుంచుకోవాలి. ఇంకా తాతగారి పేరునే వున్న పన్నును మార్పించుకోవాలి.

వారసుల సంతకాలు మరీ ముఖ్యం. తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జిత ఇంట్లో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమాన వాటా వుంటుంది. పిత్రార్జితంలోనూ కూతుళ్ళకు కొడుకులతో సమాన హక్కు వుందని 2005 సవరణ చెబుతోంది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ‘ఆడపిల్లకు పెళ్ళినాడే ఇచ్చేశాం’ అన్న మాట రిజిస్ట్రారు ముందు చెల్లదు. అత్తవారింట వున్న అప్పచెల్లెళ్ళు వచ్చి అమ్మకం దస్తావేజు మీద సంతకం చేయాలి. లేదా తమ హక్కు వదులుకుంటూ రిజిస్టరు దస్తావేజు రాసివ్వాలి.

ఇక్కడే మరో చిక్కు. అన్నదమ్ముల్లో ఒకరు తన చేతి సొమ్ముతో మరమ్మతు చేయిస్తారు. ఇల్లు అమ్ముడుపోయాక ‘నా ఖర్చు ముందు తీయాలి’ అంటారు. ‘మమ్మల్ని అడిగి చేయించావా’ అని మిగిలినవారు అంటారు. మేస్త్రీ పార పట్టక ముందే ఖర్చు ఎంత, ఎవరు పెడుతున్నారు, పంపకంలో ఎలా తీస్తారు అనేది కాగితం మీద రాసి అందరూ సంతకం చేస్తే ఆ తగవు రాదు.

చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు మండలాల్లో ఇల్లు వున్నవారి పరిస్థితి వేరు. ఇవి షెడ్యూల్డు ప్రాంతాలు. 2022 ఏప్రిల్ 4న నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో చేరగా, ఇవి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. 1959 నిబంధనలను సవరించి తెచ్చిన 1/70 ప్రకారం అక్కడి ఇళ్ళు, భూములు గిరిజనులకు, గిరిజనుల సహకార సంఘాలకు తప్ప ఇతరులకు అమ్మరాదు. ఎంత సింగారించినా ఆ నిబంధన మారదు.

రసీదులు దాచుకోవాలి

ఇల్లు అమ్మితే వచ్చే లాభం మీద ఆదాయపు పన్ను వుంటుంది. రెండేళ్ళకు పైగా చేతిలో వున్న ఇంటిని 2024 జూలై 23న గాని, ఆ తరువాత గాని అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను. అంతకు ముందు సంపాదించిన ఇంటికి ధరల సూచీ లెక్కతో 20 శాతం పద్ధతి కూడా చూసుకోవచ్చు. కొత్తగా చేర్చిన గది, శ్లాబు వంటి ఖర్చులను లాభంలోంచి తీసివేస్తారు. వెల్ల, చిల్లర మరమ్మతులు ఆ లెక్కలోకి రావు. రసీదు లేని ఖర్చు చూపించడం కష్టం.

బయానా విషయంలోనూ జాగ్రత్త అవసరం. స్థిరాస్తి అమ్మకానికి 20,000 రూపాయలు, ఆ పైన నగదుగా పుచ్చుకోరాదన్న నిబంధన 2015 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. బ్యాంకు ద్వారా పుచ్చుకుంటే ఇద్దరికీ సాక్ష్యం వుంటుంది.

మొత్తం మీద చూస్తే ఇల్లు అమ్మదలచినవారు పెట్టవలసిన ఖర్చు కొద్దిదే. కాగితాలు సరిచేయించాలి, కప్పు కారకుండా చూడాలి, ఇల్లు ఊడ్చి సున్నం వేయించాలి. అంతకు మించిన పని చేయాలనిపిస్తే, దానికి తగ్గ ధర ఇస్తామని కొనేవారు ముందు ఒప్పుకుని కొంత బయానా ఇచ్చాకే మేస్త్రీకి కబురు పెట్టాలి. ఆ ఒప్పందంలో ఏ పని, ఎంత ఖర్చుతో, ఎప్పటికి పూర్తి చేయాలో రాసుకుంటే ఇరువురికీ క్షేమం.