గాజుతొట్టిలో సముద్రపు నత్తలు

ఉప్పునీటి గాజుతొట్టిలో పగడములను పెంచువారికి నాచు బెడద తప్పదు. వెలుతురు వలనను, చేపల మలము, మిగిలిన మేత వలనను అది పెరిగి పగడములను కప్పివేయును. అందుచే టర్బో, ట్రోకస్ అను సముద్రపు నత్తలను తొట్టిలో విడుతురు. నత్త నాలుక ఆకురాయి వంటిది. దానిపై వరుసలుగానున్న సన్నని పండ్లతో రాతిని, అద్దమును గీకి నాచును తినును.

నత్తకు నీటిలో ఆకస్మికమైన మార్పు గిట్టదు. లీటరు నీటిలో సుమారు 35 గ్రాముల లవణములు ఉండవలెను. క్రొత్త నత్త ఉన్న నీటిలో తొట్టినీటిని కొద్దికొద్దిగా కలిపి, అలవాటు చేసిన పిమ్మటనే విడువవలెను. చేపల జబ్బులకు వాడు రాగి మందు నత్తలకు విషము. ఇసుకపై వెల్లకిల పడిన ట్రోకస్ తనంత తాను తిరుగగలదు. ఆస్ట్రియా నత్తను సాధారణముగా మనమే తిప్పవలెను.

పెక్కుమంది మరచునది ఒకటి కలదు. తొట్టి శుభ్రపడిన నాడే నత్తకు కరవు మొదలగును. మనము సంతోషించుచుండగా అది ఆకలితో చచ్చి, కుళ్ళి, నీటిని చెరచును. కావున నత్తలను కొద్దిగానే తేవలెను. నాచు తగ్గినపుడు ఎండిన సముద్రపు నాచును మేతగా పెట్టవలెను. పని చేయించుకొన్నవారు కూడు పెట్టుట ధర్మము. నత్త విషయమునను అంతేయని మేము విద్యార్థులకు చెప్పుచుందుము.