కృత్రిమ రక్తనాళమునకు సజీవమైన లోపొర

ముంచింగిపుట్టు కొండవాలులలో పోడు కొట్టి విడిచిన నేలను చూచిన శ్రోతలకు ఒక సంగతి తెలియును. ఆ బోడినేల మరల పచ్చబడుటకు మూడు దారులు కలవు. అంచునున్న అడవి లోనికి ప్రాకును. నరికిన మోళ్లు అడుగునుండి చిగుర్చును. గాలి తెచ్చిన విత్తనములు నడుమ మొలకెత్తును. శరీరములో అమర్చిన కృత్రిమ రక్తనాళమును సజీవమైన పొరతో కప్పుటకు గల దారులును ఇట్టివే. వానిని గూర్చియే నేడు మనవి చేయుచున్నాము.

మన రక్తనాళముల లోపలి గోడను ఒకే వరుస కణములు కప్పియుండును. ఈ పొరకు ఎండోథీలియమని పేరు. రక్తము గడ్డకట్టక పారుటకు ఇది కావలి. బట్టతోనో, ప్లాస్టిక్కుతోనో చేసిన గొట్టమునకు ఆ కావలి లేదు. వెడల్పైన గొట్టములలో ప్రవాహము బలముగా నుండుటచే పని సాగును. 6 మిల్లీమీటర్లకు లోబడిన సన్నని గొట్టములు తరచు పూడిపోవును. కాలి నాళము మూసికొనిపోయిన రోగికి కావలసినవి ఇట్టి సన్నని గొట్టములే.

అమెరికా శస్త్రవైద్యుడు ఆర్థర్ వూర్హీస్ 1947లో, కుక్క గుండెలో కొన్ని నెలలు నిలిచిన పట్టుదారముపై నిగనిగలాడు పలుచని పొర ఏర్పడియుండుట గమనించెను. దారముపై ఏర్పడిన పొర బట్టపై మాత్ర మేల ఏర్పడదు? ఈ ఆలోచనతో విన్యాన్ వస్త్రపు గొట్టములను కుక్కల బృహద్ధమనిలో అమర్చి, 1952లో ఫలితములను సహచరులతో కలిసి ప్రకటించెను.

కణములు కుట్టు అంచులనుండి ప్రాకుననియు, గొట్టమునకు తగిన రంధ్రములున్నచో వెలుపలి కణజాలమునుండి కేశనాళికలు చొచ్చుకొని వచ్చుననియు, రక్తములో తేలు కణములు కొన్ని వచ్చి అంటుకొనుననియు జంతు పరిశోధనలు తెలిపినవి. 1978లో మాల్కం హెరింగ్ బృందము మరియొక అడుగు వేసెను. రైతు విత్తు చల్లినట్లు, కుక్క సిరనుండి తీసిన కణములను గొట్టము అమర్చుటకు ముందే దానిపై చల్లిరి.

అయితే జంతువులో గెలిచినదెల్ల మనుష్యునిలో గెలువదు. మానవశరీరములో ఈ పొర సాధారణముగా కుట్టునుండి ఒకటి రెండు సెంటీమీటర్లు ప్రాకి ఆగిపోవును. ఏండ్లు గడచినను గొట్టపు నడుమభాగము బోడిగనే మిగులును. అందుచే 1989 నుండి వియన్నా వైద్యులు రోగి స్వంత కణములనే ప్రయోగశాలలో పెంచి, గొట్టమునకు లోపల పరచి అమర్చిరి. ఫలితములు ఆశాజనకములే. కాని కణములు పెరుగుటకు వారములు పట్టును. ప్రాణాపాయములో నున్న రోగి అంతవరకు ఆగజాలడు.

కనుక కుక్కలో పొర నిండుగ పెరిగినదను వార్త విన్నప్పుడు సంతోషింతము. కాని మనుష్యునిలో నడుమభాగము పచ్చబడినదా యని కూడ అడుగుదము.