తవ్వని కొండలు

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే ఘాట్ రోడ్డులో గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఆగని కారు అరుదు. చలిగాలికి ఓ కప్పు కాఫీ, నాలుగు ఫొటోలు, మళ్లీ ప్రయాణం. ఆ పచ్చటి కొండల నెత్తిన అల్యూమినియానికి ముడిసరుకైన బాక్సైట్ ఉందనీ, దానికోసం ఏళ్ల తరబడి పెద్ద పోరాటమే నడిచిందనీ ఆగినవాళ్లలో చాలామందికి తెలియదు. గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది అరకు వైపు నిక్షేపాలు. చింతపల్లి వైపు జెర్రెల, సప్పర్ల, గూడెం ఉన్నాయి.

ఈ కొండల్లో ప్రధానమైన రాయి ఖోండలైట్. అప్పుడే పగిలిన ముక్కను ఎండలో తిప్పి చూస్తే దానిమ్మ గింజల్లాంటి గార్నెట్లు, మధ్యమధ్య గ్రాఫైట్ నల్లటి మెరుపులు కనిపిస్తాయి. వానలకు నానిన పాత ముక్కయితే తుప్పు రంగుకు తిరిగి ఉంటుంది. భూగర్భ శాస్త్రజ్ఞుడు టి.ఎల్. వాకర్ 1902లో ఖోండు గిరిజనుల పేరే ఈ రాతికి పెట్టారు. మన మన్యంలో వాళ్లను కోదులు అంటారు. కోణార్క్ సూర్యదేవాలయం కట్టింది కూడా ఈ రాతితోనే.

ఇదంతా ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట ఖండాలు ఢీకొన్నప్పుడు అది నేల లోతుల్లోకి కూరుకుపోయింది. అరకు, పాడేరు ప్రాంతాల్లోని కొన్ని రాళ్లయితే 900 డిగ్రీలు దాటిన వేడిని చవిచూశాయి. బురద ఖోండలైట్ అయితే, దానితో పాటు ఉన్న సున్నపు పొరలు పాలరాయిలా మారాయి. గోస్తనీ నది నీళ్లు ఆ సున్నపురాతిని కరిగించిన చోట బొర్రా గుహలు ఏర్పడ్డాయి. ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే కాల్‌సైట్ దొరుకుతుంది.

బాక్సైట్ పుట్టుక ఇంకా తర్వాతి సంగతి. ఎత్తైన, చదునైన కొండల మీద లక్షల ఏళ్లు కురిసిన వెచ్చటి వానలు ఖోండలైట్‌లోని సిలికాను మెల్లగా కడిగేశాయి. కరగని అల్యూమినియం, ఇనుము ఆక్సైడ్లు ఎర్రటి పొరగా మిగిలాయి. సందులు సందులుగా ఉండే ఈ పొర వాన నీటిని పీల్చుకుని, కొండ వాలుల్లో ఊటలుగా వదులుతుంది. కింది ఊళ్ల గెడ్డలు పారేది, చోడి పంట పండేది ఆ నీటితోనే. కొండ నెత్తి తవ్వితే గెడ్డ ఎండుతుందన్న గిరిజనుల భయం ఇక్కడి నుంచే వచ్చింది.

ఖనిజం తరలిపోవడం అరకుకు కొత్త కాదు. ఇవాళ పర్యాటకులు అద్దాల బోగీలో కూర్చుని సొరంగాలు లెక్కపెట్టే కొత్తవలస-కిరండోల్ రైలు మార్గాన్ని 1960ల్లో వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికే. ఇక 1981లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ నాల్కో, ఒడిశా సరిహద్దు అవతల కోరాపుట్ జిల్లాలోని పంచపట్మాలి కొండ మీద బాక్సైట్ తవ్వకం మొదలుపెట్టి, దమన్‌జోడిలో అల్యూమినా తీస్తోంది.

ఇవతల కథ మలుపు తిరిగింది బాక్సైట్ వల్ల కాదు, కాల్‌సైట్ వల్ల. అనంతగిరి మండలం నిమ్మలపాడులో బిర్లా పెరిక్లేజ్ కంపెనీకి ప్రభుత్వం లీజు ఇచ్చింది. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం చెబుతుంది కదా, మరి ప్రభుత్వ భూమిని ప్రభుత్వమే కంపెనీకి ఇస్తే? 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ 1993లో ఈ ప్రశ్నతో హైకోర్టుకు వెళ్లింది. అక్కడ 1995లో ఓడిపోయి సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఒకే మాట మీద నిలబడ్డారు: చట్టం దృష్టిలో ప్రభుత్వం కూడా గిరిజనేతర 'వ్యక్తి'యే, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి లీజు ఇచ్చే హక్కు దానికి లేదు.

అయితే తీర్పు గనులకు పూర్తిగా తలుపు మూయలేదు. ప్రభుత్వ సంస్థలు, గిరిజన సహకార సంఘాలు తవ్వుకోవచ్చంది. ఆ సందులోంచే కొత్త ఏర్పాటు పుట్టింది. రాష్ట్ర ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ బాక్సైట్ తవ్వాలి, ప్రైవేటు రిఫైనరీలకు అమ్మాలి. ఈ లెక్కన 2005లో జిందాల్‌తో, 2007లో అన్‌రాక్ ప్రాజెక్టు కోసం యూఏఈలోని రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో ఒప్పందాలు కుదిరాయి. చట్టం అక్షరాన్ని పాటించి దాని ఉద్దేశాన్ని పక్కన పెట్టారని గిరిజన సంఘాలు మండిపడ్డాయి. 2015 నవంబరులో జెర్రెల అడవిలో 1,212 హెక్టార్లను ఖనిజాభివృద్ధి సంస్థకు అప్పగిస్తూ 97వ నంబరు జీవో వచ్చేసరికి మన్యం అట్టుడికిపోయింది. 2019లో ఆ జీవో రద్దయింది.

అదే ఏడాది అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. పంచపట్మాలి మట్టి నుంచి తీసిన అల్యూమినా విశాఖ పోర్టులో ఓడలెక్కుతోంది. అన్‌రాక్ కోసం మాకవరపాలెంలో రిఫైనరీ కట్టారు గానీ, దానికి కావలసిన బాక్సైట్ మాత్రం ఈ కొండలు దిగనే లేదు.